లాటిన్ సమ్మతివాచకాలు : ఐరోపా భాషలలో వాటి పరిణామం

ఉపోద్ఘాతం

ఒకరు పలికిన మాటకు వేరొకరు తల ఊపటంలో మూడు భిన్న వ్యాపారాలు ఇమిడి ఉన్నవి. చెప్పిన విషయం యథార్థమని ఒప్పుకోవటం మొదటిది. కోరిన పనికి అడ్డు చెప్పక సమ్మతించటం రెండవది. చేసిన పని మంచిదని మెచ్చుకోవటం మూడవది. "వాన కురిసిందా?" అన్న ప్రశ్నకు 'అవును' అంటాము. "రేపు ఒకసారి రండి" అన్న పిలుపునకు 'సరే', 'అలాగే' అంటాము. పద్యాన్ని చక్కగా అన్వయించిన విద్యార్థితో 'మేలు', 'భళి' అంటాము. ఈ మూడింటినీ తెలుగువాడు నిత్యవ్యవహారంలో తారుమారు చేయడు. కాని శాస్త్ర, శాసన, పరిపాలన భాషలోకి వచ్చేసరికి ఈ భేదాలన్నీ చెరిగిపోయి, 'ఆమోదం' అన్న ఒక్క పదమే అన్ని బరువులూ మోయవలసి వస్తున్నది.

మన పరిపాలన భాషకు మూలంగా ఉన్న ఆంగ్లంలో ఈ అర్థచ్ఛాయలను చెప్పే పదాలు ఇంచుమించు అన్నీ లాటిన్ సంతానమే. కనుక ఆ పదాలు ఏ ధాతువుల నుండి పుట్టినవి, ఏ సన్నివేశాలలో వాడుకలోకి వచ్చినవి, వాటిలో ఒకదానికీ మరొకదానికీ భేదమేమిటి అన్న విషయాన్ని పరిశీలించటం ప్రస్తుత వ్యాసోద్దేశం. సంస్కృతాంధ్రాలలోని సమానపదాలను పోల్చి చూపటం ఆనుషంగికం. లాటిన్ పదాలను ప్రాచీనోచ్చారణ ననుసరించి తెలుగు లిపిలో ఇవ్వటం జరిగింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లాటిన్ సంస్కృతాలకు గల సాదృశ్యం సోదర సంబంధంతో కూడినది. ఆ బాంధవ్యాన్ని విలియం జోన్స్ 1786లో ప్రకటించాడు. తెలుగు వేరొక కుటుంబానికి చెందిన భాష అని 1816లో ఎల్లిస్ నిరూపించాడు. కాబట్టి లాటిన్‌కూ తెలుగుకూ నడుమ కనిపించే పోలికలు భావసామ్యాలే గాని మూలసామ్యాలు కావు. ఈ రెండు విధాల పోలికలను వేరువేరుగా గ్రహించాలి.

లాటిన్‌లో 'అవును'

లాటిన్ భాషకు 'అవును' అనే అర్థంలో నియతమైన ఒక అవ్యయం లేదు. అంతటి విస్తృత వాఙ్మయం గల భాషలో ఇది ఆశ్చర్యకరంగా తోచవచ్చును గాని, తెలుగువారికి ఇందులో వింత ఏమీ ఉండదు. "వచ్చాడా?" అంటే "వచ్చాడు" అని మనం క్రియనే తిరిగి పలుకుతాము. లాటిన్‌లోనూ అంతే. "వేనిత్నె?" అని ప్రశ్న, "వేనిత్" అని సమాధానం. ఈ 'నె' అన్నది ప్రశ్నార్థక ప్రత్యయం. తెలుగులోని ప్రశ్నార్థక ఆకారం వలెనే ఏ పదంపై ప్రశ్న కేంద్రీకృతమైనదో ఆ పదానికి అది చేరుతుంది. "రాముడు వచ్చాడా?", "రాముడా వచ్చినది?" అన్న వాక్యాలలోని భేదాన్ని లాటిన్ కూడ ఈ ప్రత్యయ స్థానంతోనే సూచించగలదు. అవునన్న సమాధానాన్ని ఆశించే ప్రశ్నకు 'నోన్నె', కాదన్న సమాధానాన్ని ఆశించే ప్రశ్నకు 'నుమ్' వాడతారు.

క్రియను పునరుక్తి చేయని సందర్భంలో రోమనులు 'ఇత' (ఇట్లే), 'సీక్' (ఇలాగే), 'ఎతియమ్' (అదియును), 'సానే' (నిశ్చయంగా), 'కెర్తే' (తప్పక) మొదలైన అవ్యయాలను ఆశ్రయించేవారు. వీటిలో ఏ ఒక్కటీ 'అవును' అన్న అర్థానికే కట్టుబడినది కాదు. 'ఇత' శబ్దం సంస్కృతంలోని 'ఇతి' వలెనే ఇకార సర్వనామ మూలం నుండి వచ్చినది. సంస్కృతంలోను 'ఏవమ్', 'తథా', 'బాఢమ్', 'ఆమ్' అనేవి సందర్భానుసారంగా సమ్మతిని తెలుపుతవి. వీటిలో మొదటి రెండూ ప్రకారవాచకాలే. అమరసింహుడు అవ్యయవర్గంలో 'ఓమ్', 'ఏవమ్', 'పరమమ్' అనేవాటిని సమ్మతార్థంలో చెప్పాడు. ఓంకారం అనుజ్ఞాక్షరమని, ఎవరైనా దేనినైనా అనుజ్ఞ ఇచ్చేటప్పుడు 'ఓమ్' అనే అంటారని ఛాందోగ్యోపనిషత్తు ప్రథమాధ్యాయంలోనే ఉన్నది.

క్రియాపునరుక్తి పద్ధతి లాటిన్ సంతతిలో పూర్తిగా అంతరించలేదు. పోర్చుగీసు భాషలో నేటికీ "కావాలా?" అన్న ప్రశ్నకు "కావాలి" అన్న క్రియారూపంతో బదులు చెప్పటమే సహజమైన వాడుక. ఆ భాషలోనే మరొక విశేషం ఉన్నది. 'తరువాత' అనే అర్థం గల లాటిన్ 'పొస్త్' నుండి వచ్చిన 'పొయిస్' శబ్దానికి నిషేధార్థక 'నావ్' చేరితే 'తప్పకుండా, అలాగే' అని మర్యాదపూర్వకమైన సమ్మతి ఏర్పడుతుంది. సమ్మత్యర్థకమైన 'సీం' చేరితే ఎత్తిపొడుపుతో కూడిన నిరాకరణ కావచ్చును. సమ్మతి అక్షరాలలో గాక వ్యవహారంలో ఉన్నదనటానికి ఇది చక్కని ఉదాహరణ.

'ఇలాగే' నుండి 'అవును'

రోమను సామ్రాజ్యం విచ్ఛిన్నమైన పిమ్మట ప్రాంతీయభాషలు వేరుపడిన కాలంలో 'అవును'కు నియతరూపం అవసరమైనది. ఇటలీలో, ఐబీరియా ద్వీపకల్పంలో 'సీక్' అన్న ప్రకారవాచకం ఆ స్థానాన్ని ఆక్రమించింది. ఇటాలియన్, స్పానిష్, కటలాన్ భాషలలోని 'సి', పోర్చుగీసులోని 'సీం' దీని పరిణామాలే. అర్థరీత్యా ఇది మన 'అలాగే', 'అట్లే' వంటిది. తెలుగులో 'అలాగే' అన్నది కోరికకు సమ్మతిగా నిలిచిపోయింది. అక్కడ అది యథార్థాన్ని ఒప్పుకోవటానికి కూడ వ్యాపించింది.

ఫ్రాన్సు దేశంలో జరిగినది వేరు. అక్కడ 'ఇది' అనే అర్థం గల నపుంసక సర్వనామం 'హోక్' సమాధానవాచకమైనది. దక్షిణప్రాంతంలో అది 'ఓక్'గా స్థిరపడింది. ఉత్తరప్రాంతంలో 'హోక్' శబ్దానికి పురుషవాచక సర్వనామాలు చేరినవి. "నీవు చేశావా?" అంటే "ఇది నేను" అని, "అతడు చేశాడా?" అంటే "ఇది అతడు" అని చెప్పేవారు. చివర ఉండవలసిన 'చేశాను', 'చేశాడు' అన్న క్రియ అధ్యాహార్యం. అంటే ప్రాచీన ఫ్రెంచి భాషలో 'అవును' అన్న మాట కూడ పురుషభేదాన్ని పాటించేది. తెలుగులో 'వచ్చాను', 'వచ్చాడు' అని సమాధాన క్రియ పురుషాన్ని బట్టి మారినట్లే ఇదీ మారేది. కాలక్రమాన ప్రథమపురుష రూపమైన 'హోక్ ఇల్లె', అనగా 'ఓయిల్', మిగిలినవాటిని తొలగించి అన్ని పురుషాలకూ చెల్లినది. అదే నేటి ఫ్రెంచి 'ఉయ్'. కాదనటానికి సైతం అదే విధంగా 'నోన్' శబ్దానికి 'ఇల్' చేరి 'నెన్నిల్' అన్న రూపం ఏర్పడి, కొంతకాలం వాడుకలో ఉండి, క్రమంగా మరుగుపడినది.

ఇక్కడ గమనార్హమైన అంశం ఒకటి ఉన్నది. 'సీక్', 'హోక్' రెండింటి చివర ఉన్న కకారం 'ఇక్కడ, ఇదుగో' అని వేలు పెట్టి చూపే 'కె' అన్న నిర్దేశక ప్రత్యయ శేషం. కాబట్టి స్పెయిను దేశస్థుని 'సి', ఓక్ భాషీయుని 'ఓక్' రెండూ నిర్దేశంతోనే ముగిసినవి. యథార్థాన్ని ఒప్పుకోవటమంటే ఎదుట ఉన్నదానిని చూపటమే అన్న భావం ఈ పదనిర్మాణంలో ఇమిడి ఉన్నది.

ఈ భేదాన్ని భాషావిభాగానికి ఆధారంగా గ్రహించినవాడు డాంటే మహాకవి. పద్నాలుగవ శతాబ్ది ప్రారంభంలో దేశభాషా వాగ్వైభవాన్ని గురించి లాటిన్‌లో రచించిన గ్రంథంలో ఆయన దక్షిణ ఐరోపా భాషను 'ఓక్' అనేవారు, 'ఓయిల్' అనేవారు, 'సి' అనేవారు అని మూడు శాఖలుగా విభజించాడు. దేవుడు, ఆకాశం, ప్రేమ, సముద్రం, భూమి మొదలైన పదాలు మూడింటిలోను సమానంగా ఉండటాన్ని బట్టి ఈ మూడూ ఒకే మూలం నుండి వచ్చినవని అనుమానించాడు. తులనాత్మక భాషాశాస్త్రం పుట్టటానికి నాలుగువందల ఏండ్లకు పైగా పూర్వమే ఈ ఊహ చేయటం విశేషం. దక్షిణ ఫ్రాన్సులో ఒక ప్రాంతానికి 'ఓక్ భాష' అనే అర్థం గల లాంగ్‌దాక్ అన్న పేరు స్థిరపడింది. ఆ ప్రాంతాన్ని కలుపుకొని 2016లో ఏర్పడిన పరిపాలనా మండలానికి పెట్టిన ఆక్సితానీ అన్న పేరులోను ఆ 'ఓక్' శబ్దమే వినిపిస్తున్నది. సమ్మతివాచకం దేశనామం కావటం భాషాచరిత్రలో అరుదైన గౌరవం.

ఫ్రెంచి భాష 'సీక్' శబ్దాన్ని కూడ పూర్తిగా విడువలేదు. "నీవు రాలేదా?" అన్న నిషేధప్రశ్నను ఖండించి "వచ్చాను" అని చెప్పవలసినప్పుడు 'ఉయ్' అనక 'సి' అంటారు. తెలుగులో "రాలేదా?" అంటే "అవును, రాలేదు" అనీ, "లేదు, వచ్చాను" అనీ చెప్పే సంప్రదాయం ఉన్నది. మనం ప్రశ్నలోని ప్రతిపాదనతో ఏకీభవిస్తున్నామా, లేదా అని చూస్తాము. ఫ్రెంచివారు వస్తుస్థితిని చూస్తారు. ఇక రుమేనియన్ భాష లాటిన్ సంతతిదే అయినా తన సమ్మతివాచకమైన 'డా'ను పొరుగున ఉన్న స్లావు భాషల నుండి గ్రహించింది. మూలభాషలో నియతపదం లేకపోవటం చేతనే ఒక్కొక్క కుమార్తె ఒక్కొక్క దారి వెదుక్కొన్నదని దీనివలన స్పష్టమవుతున్నది.

ప్రీతి నుండి అనుమతి

యథార్థాన్ని ఒప్పుకోవటానికి నిర్దేశం మూలమైతే, నిర్ణయాన్ని ఒప్పుకోవటానికి ప్రీతి మూలమైనది. 'ప్లకెత్' అంటే 'ఇష్టమైనది, రుచించినది' అని అర్థం. రోమను సెనేటు తీర్మానాలలో 'సెనేటునకు ఇది ఇష్టం' అన్న పద్ధతి నిర్ణయాన్ని తెలిపేది. తరువాత క్రైస్తవ మహాసభలలో 'ప్లకెత్', 'నోన్ ప్లకెత్' అనేవి ఓటు వేసే పదాలైనవి. పోపు నిర్ణయాల అస్ఖలితత్వాన్ని గూర్చి వాటికన్ ప్రథమ మహాసభలో 1870 జూలై 13న జరిగిన ఓటింగులో 451 మంది 'ప్లకెత్' అనీ, 88 మంది 'నోన్ ప్లకెత్' అనీ, 62 మంది 'ప్లకెత్ యుక్స్‌తా మొదుమ్' అనీ చెప్పారు. ఈ మూడవది 'కొన్ని మార్పులతో సమ్మతం' అన్న అర్థం కలది. సమ్మతికీ నిరాకరణకూ నడుమ ఒక మెట్టు ఉన్నదని గుర్తించి దానికి ఒక పేరు పెట్టటం ఆ సంప్రదాయపు సూక్ష్మతను తెలుపుతున్నది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ తీర్మానాలలో కూడ 'ప్లకెత్' అన్న పదం నిలిచి ఉన్నది.

ఈ ధాతువు నుండే ఫ్రెంచివారి 'సిల్ వు ప్లే', అనగా 'మీకు ఇష్టమైతే' అన్న మర్యాదవాక్యం, ఆంగ్లంలోని 'ప్లీజ్' ఏర్పడినవి. ఆంగ్లంలోని 'అగ్రీ' అన్న క్రియ కూడ ఇదే కోవకు చెందినది. 'ప్రియమైనది' అనే అర్థం గల లాటిన్ 'గ్రాతుమ్', ప్రాచీన ఫ్రెంచిలో 'గ్రె' అయి, 'ఆ గ్రె' (ఇష్టానుసారంగా) అన్న పదబంధం ద్వారా ఆ క్రియ పుట్టింది. 'గ్రాతుస్' శబ్దం వైదిక భాషలోని 'గూర్త' శబ్దానికి సోదరం. 'గౄ' ధాతువునకు స్తుతి అర్థం కలదు. స్తుతింపబడినది ప్రియమైనది, ప్రియమైనది సమ్మతమైనది అన్న క్రమం ఇక్కడ తోస్తున్నది.

తెలుగులోని 'ఆమోదం' సరిగా ఈ దారినే నడిచింది. సంస్కృతంలో 'ఆమోద' శబ్దానికి హర్షమనీ, దూరానికి వ్యాపించే పరిమళమనీ అర్థాలు. తెలుగు వ్యవహారంలో అది అంగీకారవాచకమైనది. ఒక నిర్ణయం మనస్సుకు హర్షం కలిగించటం దానిని ఒప్పుకోవటానికి హేతువన్న భావమే రోమనుల 'ప్లకెత్' శబ్దంలోను, మన 'ఆమోదం'లోను ఉన్నది.

పరీక్ష నుండి మెప్పు

మూడవ వ్యాపారమైన మెప్పునకు లాటిన్‌లో 'ప్రొబారె' మూలక్రియ. 'ప్రొబుస్' అంటే మంచివాడు, యోగ్యుడు. ముందుగా నిలిచినది, ముందుకు వచ్చినది అన్నది దీని మూలార్థమనీ, సంస్కృతంలోని 'ప్రభు' శబ్దానికి ఇది సజాతీయమనీ భాషాశాస్త్రజ్ఞులు వివరించారు. మన భాషలో అధికారాన్ని చెప్పే శబ్దం వారి భాషలో యోగ్యతను చెప్పింది. 'ప్రొబారె' అంటే యోగ్యతను పరీక్షించి మంచిదని తేల్చటం. ఆంగ్లంలోని 'ప్రూవ్' (నిరూపించు), 'ప్రోబేషన్' (పరీక్షాకాలం), 'అప్రూవ్' (ఆమోదించు) ఈ ధాతువు సంతానమే. కనుక 'అప్రూవల్' అన్నమాట పరీక్షను పూర్వాంగంగా కోరుతుంది. చూడకుండా, పరిశీలించకుండా చేసిన సంతకం ఈ పదానికి వ్యుత్పత్తిరీత్యా చెల్లదు.

మెప్పును చెప్పే సంస్కృత 'సాధు' శబ్దం ఈ వరుసలో స్మరింపదగినది. 'సాధ్' ధాతువు నుండి వచ్చి, గమ్యాన్ని సూటిగా చేరేది, సమర్థమైనది అన్న అర్థంతో మొదలై, సభలో మెప్పును ప్రకటించే శబ్దంగా నిలిచింది. మన కార్యాలయాలలో వాడుకలో ఉన్న 'మంజూరు' శబ్దం సైతం చూపు అనే అర్థం గల అరబ్బీ ధాతువు నుండి వచ్చినది. చూడబడినదే మంజూరైనది.

తలపు నుండి సమ్మతి

'సెంతీరె' అనగా అనుభవించు, భావించు. దీనికి 'అద్' అన్న ఉపసర్గ చేరి 'అస్సెంతీరె', 'కొమ్' అన్న ఉపసర్గ చేరి 'కొన్సెంతీరె' ఏర్పడినవి. మొదటిది వేరొకరి తలపు వైపునకు తన తలపును మరల్చటం. రెండవది కలిసి ఒకే తలపు తలచటం. సంస్కృతంలో 'మన్' ధాతువునకు 'అను', 'సమ్' అన్న ఉపసర్గలు చేరి 'అనుమతి', 'సమ్మతి' అయినట్లే ఈ రెండూ ఏర్పడినవి. ధాతువులు వేరైనా పదనిర్మాణయుక్తి ఒక్కటే. 'కొర్' అనగా హృదయం. దాని నుండి వచ్చిన 'అకార్డ్', ఫ్రెంచివారి 'దకార్' హృదయాలు కలియటాన్ని చెబుతున్నవి. ఈ 'కొర్' మన 'హృద్' శబ్దానికి బంధువే గాని, ఆద్యక్షరాల సంవాదం నియమబద్ధంగా లేదు. 'క్రేదో' (విశ్వసిస్తున్నాను) మాత్రం 'శ్రద్ధా' శబ్దానికి నిస్సందేహంగా సజాతీయం.

'అస్సెన్సియో' శబ్దాన్ని తత్త్వశాస్త్ర పరిభాషగా స్థిరపరచినవాడు సిసిరో. క్రీ.పూ. 45లో రచించిన 'అకదేమిక' గ్రంథంలో స్తోయిక దార్శనికుల గ్రీకు పారిభాషిక పదాన్ని ఆయన 'అస్సెన్సియో', 'అప్ప్రొబాతియో' అన్న రెండు పదాలతో అనువదించాడు. స్తోయిక మతస్థాపకుడైన జేనో ఈ విషయాన్ని చేతితో అభినయించి చూపేవాడని కూడ ఆయన చెప్పాడు. విప్పిన అరచేయి ఇంద్రియగోచరమైన ప్రతిభాసం. వ్రేళ్ళు కొంచెం ముడుచుకొంటే సమ్మతి. పిడికిలి బిగిస్తే గ్రహణం. ఆ పిడికిలిని రెండవ చేతితో గట్టిగా పట్టుకొంటే జ్ఞానం. ఈ అభినయం వలన ఒక సిద్ధాంతం తేటపడుతున్నది. ప్రతిభాసం మన అధీనంలో లేదు, సమ్మతి మన అధీనంలో ఉన్నది. చూడటం నేరం కాదు, తొందరపడి సమ్మతించటమే భ్రాంతికి కారణం.

అకాదెమీ శాఖకు చెందిన కర్నేయదేసు వంటి సంశయవాదులు మరొక అడుగు ముందుకు వేశారు. వివేకి దేనికీ సంపూర్ణసమ్మతిని ఇవ్వక, నమ్మదగినట్లు తోచినదానిని అనుసరించి వ్యవహారం నడపవచ్చునని వారి వాదం. ఈ 'నమ్మదగినది' అన్న గ్రీకు భావాన్ని సిసిరో 'ప్రొబాబిలె', అనగా మెచ్చదగినది, అని తెనిగించినట్లుగా లాటినీకరించాడు. నేడు గణితశాస్త్రంలో సంభావ్యతను చెప్పే 'ప్రాబబిలిటీ' శబ్దానికి జన్మస్థానం ఇదే. సమ్మతి వేరు, ఆచరణకు సరిపడే అంగీకారం వేరు అన్న ఈ వివేకం మన న్యాయదర్శనానికి క్రొత్త కాదు. గౌతముడు చెప్పిన నాలుగు సిద్ధాంతాలలో అభ్యుపగమ సిద్ధాంతం ఒకటి. పరీక్షించని విషయాన్ని అప్పటికి ఒప్పుకొని, దాని విశేషాలను విచారించటం దాని లక్షణం. ఫలం వేరైనా, పూర్ణసమ్మతిని ఇవ్వకుండానే విచారాన్ని ముందుకు నడపటం రెండు దర్శనాలకూ సమానం. అమరుడు ధీవర్గంలో 'అంగీకార', 'అభ్యుపగమ', 'ప్రతిశ్రవ' శబ్దాలను ఒక్కచోట చేర్చటం కూడ గమనింపదగినది. 'అంగీకారం' అంటే తనకు అంగం కానిదానిని అంగంగా చేసుకోవటం. 'ప్రతిశ్రవం'లో వినటమే మాట ఇవ్వటమైనది.

శాసనరంగంలో సమ్మతి

రోమను ప్రజాసభలలో శాసనాలపై వ్రాతపూర్వకమైన ఓటును క్రీ.పూ. 131లో పపీరియ శాసనం ప్రవేశపెట్టింది. శాసనానికి అనుకూలురు 'ఉతీ రొగాస్', అనగా 'నీవు కోరినట్లే', అన్న పదాల తొలి అక్షరాలు గల పలకను పెట్టెలో వేసేవారు. ప్రతికూలురు 'పాత పద్ధతినే ఉంచుతాను' అనే అర్థం గల 'అంతీక్వో' శబ్దపు తొలి అక్షరాన్ని వాడేవారు. ప్రజలు 'అవును' అనలేదు, 'అలాగే' అన్నారు. శాసనంపై ఓటు యథార్థకథనం గాక కోరికకు ఇచ్చే సమ్మతి అన్న భేదం రోమనులకు స్పష్టంగా ఉన్నది.

ఇంగ్లండు పార్లమెంటులో బిల్లు శాసనమయ్యేటప్పుడు నేటికీ నార్మన్ ఫ్రెంచిలో 'రాజు దీనిని ఇచ్ఛిస్తున్నాడు' అన్న వాక్యం పలుకుతారు. అందులోని క్రియ లాటిన్ 'వుల్త్' శబ్దపు పరిణామం. అది సంస్కృతంలో 'వృణీతే' (వరించుచున్నాడు) అన్న క్రియకు బంధువు. నిరాకరించవలసినప్పుడు 'రాజు ఆలోచిస్తాడు' అనేవారు. ఈ మర్యాదపూర్వక నిరాకరణ చివరిసారిగా 1708లో ఆన్ రాణి కాలంలో వినిపించింది. ప్రభువుల సభలో సభ్యులు 'కంటెంట్', 'నాట్ కంటెంట్' అని ఓటు చెబుతారు. తనలో తాను ఇమిడినవాడు, తృప్తుడు అన్నది ఆ శబ్దార్థం. మన జమీందారీ వ్యవహారంలోని 'చిత్తం' అన్న ప్రత్యుత్తరం ఇక్కడ పోల్చదగినది. పలికేవాడు తన ఇష్టాన్ని చెప్పక, ప్రభువు చిత్తాన్ని పేర్కొని దానికి లోబడుతున్నాడు. అక్కడ ప్రభుచిత్తమే శాసనం, ఇక్కడ ప్రభుచిత్తమే సమాధానం.

భారత రాజ్యాంగపు ఆంగ్లపాఠంలో ఈ లాటిన్ సంతతి పదాలు దేని స్థానంలో అది నిలిచి ఉన్నవి. 111, 200 అధికరణాల ప్రకారం బిల్లులకు రాష్ట్రపతి, గవర్నరు ఇచ్చేది 'అసెంట్'. 356వ అధికరణం కింద వెలువడిన ప్రకటనకు ఉభయసభలు ఇవ్వవలసినది 'అప్రూవల్'. 368వ అధికరణం కింద కొన్ని సవరణలకు సగానికి తక్కువ గాని రాష్ట్ర శాసనసభలు చేయవలసినది 'ర్యాటిఫికేషన్'. 258వ అధికరణంలో రాష్ట్రప్రభుత్వం ఇవ్వవలసినది 'కన్సెంట్'. 304వ అధికరణంలో రాష్ట్రపతి నుండి ముందుగా పొందవలసినది 'శాంక్షన్'. ఈ అయిదింటినీ మన పత్రికలు, ఒక్కొక్కప్పుడు పాఠ్యగ్రంథాలు, 'ఆమోదం' అనే వ్రాస్తున్నవి.

దీనివలన కలిగే చిక్కు సామాన్యమైనది కాదు. 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర విభజన బిల్లుపై ఆ రాష్ట్ర శాసనసభ నుండి కోరేది అభిప్రాయం మాత్రమే. అక్కడ 'అసెంట్' గాని, 'కన్సెంట్' గాని, 'అప్రూవల్' గాని ప్రస్తావింపబడలేదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ తిరస్కరించినా, పార్లమెంటు ఫిబ్రవరిలో దానిని ఆమోదించింది. మార్చి 1న రాష్ట్రపతి సమ్మతి లభించింది. ఆ నాటి వాదోపవాదాలలో 'సభ ఆమోదం' అన్నమాట ఎంతగా వినిపించినదో తెలుగు పాఠకులకు విదితమే. విభజన మంచిచెడ్డల విచారణ ఈ వ్యాసపరిధిలోనిది కాదు. అభిప్రాయానికీ సమ్మతికీ భేదం చెప్పే పదాలు సామాన్యుని చెవిని పడనప్పుడు, అతడు రాజ్యాంగ ప్రక్రియను ఉన్నదానికంటే భిన్నంగా ఊహించుకొంటాడన్నది మాత్రం నిశ్చయం.

మౌనం విషయంలోనూ ఇట్టి చిక్కే ఉన్నది. 'మౌనం అర్ధాంగీకారం' అని మన నానుడి. 1298లో పోపు ఎనిమిదవ బోనిఫేసు ప్రకటించిన ధర్మసంగ్రహంలో మౌనం వహించినవాడు సమ్మతించినట్లు తోచునని ఒక సూత్రం ఉన్నది. దాని వెంటనే ఉన్న సూత్రం, మౌనం వహించినవాడు ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు అంటున్నది. ఈ రెండు సూత్రాల నడుమనే నేటికీ వాదం నడుస్తున్నది. దీర్ఘకాలం పెండింగులో ఉన్న తమిళనాడు బిల్లులకు సమ్మతి లభించినట్లే భావించాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే సంవత్సరం నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం వెలువరించిన సలహాభిప్రాయం అట్టి 'భావిత సమ్మతి'ని అంగీకరించలేదు. వ్యుత్పత్తి ఈ వాదాన్ని తీర్చలేదు గాని, 'అస్సెంతీరె' శబ్దం తలపు మరలటాన్ని చెబుతున్నదనీ, తలపు బయటపడనిదే దానిని నిర్ణయించటం కష్టమనీ గుర్తు చేయగలదు.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఈ విషయంలో ఆదర్శప్రాయంగా ఉన్నది. ప్రతిపాదనను పొందిన వ్యక్తి తన 'అసెంట్'ను తెలిపినప్పుడు ప్రతిపాదన స్వీకరింపబడినట్లని 2వ సెక్షను చెబుతున్నది. ఒకే విషయంపై ఒకే అర్థంలో ఇరువురు ఏకీభవిస్తే 'కన్సెంట్' అని 13వ సెక్షను నిర్వచిస్తున్నది. మొదటిది ఏకపక్షక్రియ, రెండవది ఉభయపక్ష స్థితి. 'అద్', 'కొమ్' అన్న రెండు ఉపసర్గల అర్థభేదమే ఇక్కడ శాసనార్థంగా నిలిచింది.

ఉపసంహారం

పై పరిశీలన వలన సమ్మతివాచకాలకు లాటిన్‌లో అయిదు మూలాలు తేలుతున్నవి. ఎదుటిదానిని చూపే నిర్దేశం, మనస్సుకు నచ్చిన ప్రీతి, యోగ్యతను తేల్చే పరీక్ష, తలపుల అనుసరణం లేదా ఏకీభావం, ప్రభువు ఇచ్ఛ అనేవి అవి. ఏ సమ్మతి ఏ మూలం నుండి వచ్చినదో తెలిస్తే, దానిని ఇచ్చేవానికి ఏ బాధ్యత ఉన్నదో కూడ తెలుస్తుంది.

తెలుగులో ఇందుకు క్రొత్తపదాలను సృష్టించవలసిన పని లేదు. వాడుకలో ఉన్న పదాలకు స్థాననియమం కల్పిస్తే చాలును. బిల్లులకు రాష్ట్రపతి, గవర్నరు ఇచ్చే 'అసెంట్'కు 'ఆమోదం' అలవాటైనది కనుక దానిని అక్కడికే పరిమితం చేయవచ్చును. ఉభయపక్షాల 'కన్సెంట్'కు 'సమ్మతి' అన్ని విధాలా తగినది. సభలు పరిశీలించి ఇచ్చే 'అప్రూవల్'కు 'అంగీకారం' చెల్లుతుంది. 'ర్యాటిఫికేషన్' శబ్దంలోని 'రాతుస్' స్థిరపడినది అనే అర్థం కలది కనుక 'ధ్రువీకరణ' దానికి అక్షరాలా సరిపోతుంది. ముందుగా పొందవలసిన 'శాంక్షన్'కు కార్యాలయాలలో ఉన్న 'మంజూరు'ను ఉంచుకోవచ్చును. తర్కశాస్త్ర సందర్భంలో విచారణార్థం చేసే అంగీకారానికి 'అభ్యుపగమం' ఉండనే ఉన్నది.

ప్రాచ్యకళాశాలలలో అమరం, న్యాయసూత్రాలు చదివే విద్యార్థి ఈ పదాల పరస్పరభేదాన్ని పాఠంలోనే నేరుస్తాడు. ఆ నేర్చిన భేదాన్ని పరిపాలన, న్యాయ పరిభాషలోకి చేర్చటం ప్రాచ్యభాషాధ్యాపకులు చేయగల పని. పారిభాషిక పదసంచయాల సంకలనంలో వారికి తగిన చోటు ఉండటం అవసరం.